రక్షిత ఇంగ్లిష్ కంట్రీ హౌస్‌లో చెమ్మ, పగుళ్లు, పుచ్చు: సమస్య - పరిష్కారం

ఇంగ్లండులో గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ అనే మూడు తరగతుల్లో దేనిలో నమోదైన భవంతికైనా ఆ నమోదు మొత్తం కట్టడానికి వర్తిస్తుంది కాబట్టి, లోపలి గారపని, తలుపు చట్రం, మెట్ల కమ్మీ కూడా రక్షణలో ఉన్నట్టే. భవనం స్వరూపాన్ని మార్చే ఏ పనికైనా 1990 నాటి చట్టం ప్రకారం స్థానిక ప్లానింగ్ అధికారుల అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా చేయడం క్రిమినల్ నేరం. ఇక సాంకేతికంగా గమనించవలసింది ఏమిటంటే, ఈ కంట్రీ హౌస్‌లలో, అంటే పల్లెల్లోని పాత జమీందారీ తరహా భవంతుల్లో, లోపం కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. గదిలో మరకకు మూలం చాలాసార్లు కప్పు మీదో బయటి గోడ మీదో ఉంటుంది. అది కూడా కట్టినవారి పొరపాటు కన్నా ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతు ఫలితమే కావడం ఎక్కువ.

గోడ అడుగున చెమ్మ, బయట పెచ్చులూడుతున్న రాయి

లోపల గార ఉబ్బి, తెల్లటి ఉప్పు పేరుకుని, బయట అదే ఎత్తులో రాతి ముఖం పొరలుగా రాలుతుంటే ముందు రాళ్ల మధ్య కీళ్లను చూడాలి. అవి గట్టిగా, బూడిదరంగులో, రాతికన్నా కాస్త ముందుకు పొడుచుకుని ఉంటే అది సిమెంటు. పాత గోడ వానకు తడిసి, ఆ తడిని సున్నపు కీళ్ల గుండా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసేయడంతో నీరు రాతిలోంచే ఆవిరి కావలసి వస్తుంది. అందులోని లవణాలు, శీతాకాలపు మంచు కలిసి రాతి ముఖాన్ని పగలగొడతాయి. గోడ చుట్టూ తోట మన్ను లోపలి నేలకన్నా ఎత్తుగా పేరుకోవడం మరో సాధారణ కారణం.

మన్నును తవ్వి మట్టం తగ్గించడం మొదటి పని, చౌకైన పని కూడా. తర్వాత సిమెంటును చిన్న ఉలితో, చేత్తోనే తీయాలి. కోత యంత్రం పెడితే రాతి అంచులు పోతాయి. రాతికన్నా మెత్తగా ఉండే సున్నపు మిశ్రమాన్ని నింపి, తడి గోనెపట్టా కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. మంచు పడే నెలల్లో ఈ పని పెట్టుకోకూడదు. గోడకు రంధ్రాలు చేసి రసాయనాలు ఎక్కించే చెమ్మ నివారణ పద్ధతి అమ్మేవారు చాలామందే ఉన్నారు. మందపాటి రాతి గోడల్లో దాని మీద పెట్టే డబ్బు సాధారణంగా వృథా అని నా అభిప్రాయం. హైదరాబాదు కోఠి రెసిడెన్సీ కూడా ఇలాంటి ఇళ్లలో కనిపించే పల్లాడియన్ శైలి (ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో నమూనాలను అనుసరించే శైలి) భవనమే కాబట్టి, అక్కడి సున్నపు పని తెలిసినవారికి ఇదంతా పరిచితంగానే ఉంటుంది.

సీలింగు అంచున గోధుమరంగు మరక

పిట్టగోడ వెనక దాగి ఉండే సీసపు రేకు కాలువ ఆకులతో, పావురాల గూళ్లతో నిండిపోతే నీరు లోపలికి పొర్లుతుంది. వాన పడుతుండగానే పైకెక్కి చూస్తే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది. కాలువ శుభ్రంగా ఉన్నా మరక పెరుగుతుంటే రేకు చీలి ఉండవచ్చు: మరీ పెద్ద ముక్కలుగా పరిచిన సీసం ఎండకు సాగి, చలికి ముడుచుకుంటూ చివరికి చిట్లుతుంది. తారు పూయడం పరిష్కారం కాదు. చిన్న ముక్కలుగా, కదలికకు వీలున్న అతుకులతో తిరిగి పరచాలి.

ఆ పనిలో మంట వాడనివ్వకూడదు. ససెక్స్‌లోని అప్‌పార్క్ భవంతి పైఅంతస్తులు 1989 ఆగస్టు 30న కాలిపోవడానికి కారణం కప్పు మీద సీసపు మరమ్మతుకు వాడిన మంటే. పునర్నిర్మాణం ముగిసి అది సందర్శకులకు తెరుచుకునేసరికి 1995 వచ్చింది. రేకులను కింద పనిశాలలో అతికించి పైకి తేవడం క్షేమం.

జారుతున్న గార సీలింగు

సన్నని చెక్కబద్దల సందుల్లోంచి పైకి వెళ్లి వంగిన గార కొనలే సీలింగును పట్టి ఉంచుతాయి. పైన అడుగుల అదురుకో, నీటికో అవి విరిగితే సీలింగు కిందికి వంగుతుంది. మెత్త వేసిన పలకతో కింద ఆసరా పెట్టి, పైన నేలపలకలు విప్పి, చెత్త తీసి, తుప్పుపట్టని ఉక్కు మరలు, వెడల్పు బిళ్లలతో తిరిగి బిగించాలి. మొత్తం కూల్చి జిప్సం బోర్డు వేస్తామనే కాంట్రాక్టరును అక్కడే ఆపాలి.

ఓక్ దూలంలో రంధ్రాలు

రంధ్రాలు సుమారు 3 మిల్లీమీటర్లుంటే డెత్‌వాచ్ పురుగును అనుమానించాలి. రంధ్రం ఉన్నంతమాత్రాన పురుగు ఉన్నట్టు కాదు; అది వందేళ్ల కిందటిదీ కావచ్చు. మార్చిలో రంధ్రాల మీద పల్చటి కాగితం అంటించి, వేసవిలో దానికి కొత్త చిల్లులు పడ్డాయేమో చూడాలి. పడితే, పైపైన మందు కొట్టడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే పురుగు లోతుగా, తడికి మెత్తబడిన కలపలో ఏళ్ల తరబడి ఉంటుంది. తడి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపి, గాలి ఆడేలా చేస్తే కలప ఆరి, పురుగు క్రమంగా తగ్గిపోతుంది.

కదలని సాష్ కిటికీ

పైకీ కిందికీ జరిగే ఈ కిటికీ బిగుసుకుపోవడానికి పొరలుపొరలుగా రంగు పేరుకోవడమో, బరువును మోసే తాడు తెగడమో కారణం. పల్చటి బ్లేడుతో రంగు గీత కోసి, తాడు మార్చాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకకూడదు. అలలు అలలుగా కనిపించే పాత అద్దాన్ని పారేయకండి.

వెలిసిన పట్టు, చీలిన చెక్క, మసకబారిన స్తంభం

కాంతి చేసిన నష్టాన్ని సరిదిద్దలేం, అది కూడుతూ పోతుంది. అందుకే పట్టు, ఉన్ని వస్త్రాల మీద వెలుతురును సుమారు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) పరిమితం చేసి, తక్కిన వేళల్లో తెరలు దించుతారు. డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ భవంతికి 1592లో కొన్న, బైబిల్‌లోని గిడియన్ కథను బొమ్మలుగా నేసిన 13 గోడవస్త్రాల పరిరక్షణ 24 ఏళ్లు సాగి 2023లో ముగిసింది.

చెక్క చీలుతుంటే గాలి మరీ పొడిగా ఉన్నట్టు, బూజు పడితే మరీ తడిగా ఉన్నట్టు. ఇలాంటి చారిత్రక భవంతులను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఇళ్లలో హీటర్లను ఉష్ణోగ్రతతో కాక గాలిలో తేమతో నియంత్రిస్తారు. సాపేక్ష ఆర్ద్రత 50 నుంచి 65 శాతం మధ్య ఉండాలన్నది లక్ష్యం. చలికాలంలో గది వెచ్చగా లేదని సందర్శకులు గొణుక్కోవడానికి కారణం ఇదే.

డెర్బీషైర్‌లోనే ఉన్న కెడిల్‌స్టన్ హాల్ భవంతిలో వాస్తుశిల్పి రాబర్ట్ ఆడం రూపకల్పన చేసిన మార్బుల్ హాల్ పేరు చూసి దాని 20 గులాబీరంగు స్తంభాలను పాలరాయి అనుకోరాదు. అవి అలబాస్టర్, అంటే ఒక రకం జిప్సం. నీటికి కొద్దికొద్దిగా కరిగే ఈ రాతిని తడిగుడ్డతో తుడిస్తే మెరుపు పోతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడం వరకే ఇంటి సిబ్బంది పని. అంతకుమించిన మరకకు రాతి పరిరక్షకుణ్ణి పిలవాలి.