అండమాన్ ప్రయాణం తెగేది చివరి పడవ దగ్గరే: సమస్యలు, పరిష్కారాలు

విజయవాడ, గుంటూరు నుంచి అండమాన్ వెళ్లే కుటుంబాలకు ప్రయాణ పట్టికలు సరిచేసి పెట్టడం ఏళ్లుగా నా పని. టికెట్లు కొనకముందు వచ్చేవారితో ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్కువమంది మాత్రం అన్నీ కొనేశాక, ఏదో ఒక ముడి తెగాక ఫోను చేస్తారు. అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: దీవి నుంచి మీ చివరి ఫెర్రీ ఏ రోజు, మీ తిరుగు విమానం ఏ రోజు? ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకుని చూసినవారు చాలా తక్కువ. గదికి ఏసీ ఉందా, స్కూబా ధర ఎంత అన్న విషయాల మీద గంటలు గడుపుతారు. అర నిమిషం పట్టే ఈ పని మాత్రం చేయరు.

విమానం టికెట్ కొనడం, గది మాట్లాడుకోవడం మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. ఇక్కడ చెప్పేది ఐదారు రాత్రుల ప్రయాణం గురించి: శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్), స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (నీల్). టికెట్ల మీద, హోటళ్ల పేర్లలో పాతవీ కొత్తవీ రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

సమస్య: టికెట్లన్నీ ఖరారయ్యాయి, అయినా దీవిలో చిక్కుకుపోయాం

నా దగ్గరకు వచ్చే పట్టికలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి రోజు ఉదయం చెన్నైలో విమానం, మధ్యాహ్నం సెల్యులార్ జైలు. రెండో రోజు రాస్ దీవి, నార్త్ బే. మూడో రోజు ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్, నాలుగో రోజు అక్కడే. ఐదో రోజు షహీద్ ద్వీప్. ఆరో రోజు సాయంత్రం ఫెర్రీలో తిరిగి శ్రీ విజయపురం. ఏడో రోజు పొద్దున్నే విమానం, చెన్నైలో మధ్యాహ్నం రైలు, రాత్రికి విజయవాడ.

కాగితం మీద ఇందులో తప్పు కనిపించదు. ప్రతి టికెట్టూ సరైనదే. తప్పంతా టికెట్ల మధ్య ఉన్న ఖాళీలో ఉంది. ఆరో రోజు ఫెర్రీ రద్దయితే విమానం పోతుంది, విమానం పోతే రైలు పోతుంది. ఇవి వేర్వేరుగా కొన్న టికెట్లు కాబట్టి ఒకదాని ఆలస్యానికి మరొకరు బాధ్యత వహించరు. ఫెర్రీవాళ్లు ఫెర్రీ డబ్బు మాత్రం వెనక్కి ఇస్తారు. సెలవుల రోజుల్లో నలుగురికి అప్పటికప్పుడు చెన్నైకి విమానం టికెట్లు కొంటే ఎంతవుతుందో మీరే ఒకసారి వెతికి చూడండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి వెళ్లిన ఒక కుటుంబం ఇలాగే షహీద్ ద్వీప్ జెట్టీ దగ్గర నిలబడి నాకు ఫోను చేసింది. ఇంటి పెద్ద అడిగిన మాట: "ఎండ కాస్తోంది, వాన చుక్క లేదు, పడవ ఎందుకు ఆపారండీ?" ఈ ప్రశ్న నాకు చాలామంది వేశారు. అసలు కిటుకు ఇందులోనే ఉంది. అందరూ ఫోనులో వాన గుర్తు చూస్తారు. ఫెర్రీని ఆపేది వాన కాదు, గాలీ కెరటాలూ. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల వీచిన గాలికి లేచిన కెరటాలు నిర్మలమైన ఆకాశం కింద కూడా రేవు దాకా వస్తాయి. జెట్టీకి ఆనించి కట్టిన పడవ మీటరు మేర పైకీ కిందికీ ఊగుతుంటే పిల్లలను, ముసలివాళ్లను ఎక్కించడం ప్రమాదం. ఆపడమే సరైన నిర్ణయం. ఆపినవారిని తిట్టకండి.

ఈ కబురు మనకు ముందే అందుతుంది, అందినా పట్టించుకోం. నవంబరు, డిసెంబరు నెలల్లో మన పత్రికల్లో తరచూ వచ్చే వార్తే అది: దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం. విజయవాడలో కూర్చుని చదివేవారు కోస్తాకు ముప్పు ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. లేదంటే పేజీ తిప్పేస్తారు. మనకు నాలుగైదు రోజుల దూరంలో ఉన్న ఆ అల్పపీడనం, మీరు ఎక్కబోయే ఫెర్రీకి మాత్రం నెత్తి మీదే ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కూడా నవంబరు చివరి వారంలో అటువైపే అల్పపీడనంగా మొదలైంది. ఆ తుపానుకే డిసెంబరు 4న చెన్నై విమానాశ్రయం మూతపడింది, రైళ్లూ రద్దయ్యాయి. అంటే అండమాన్ నుంచి బయటపడినవారు కూడా చెన్నైలో ఆగిపోయే పరిస్థితి. 2016 డిసెంబరులో, తరువాత వార్దాగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో దాదాపు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది.

అంత పెద్ద తుపాను ఏటా రాదు. కానీ ఒక రోజు, ఒకటిన్నర రోజు ఫెర్రీలు ఆగడానికి తుపాను అక్కరలేదు. వేసవి సెలవుల్లో వెళ్లేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. మన బడులకు సెలవులు నడుస్తుండగానే, మే మూడో వారం ప్రాంతంలో, నైరుతి రుతుపవనాలు అక్కడికి చేరతాయి. మన దగ్గర రోహిణి కార్తె ఎండలు మండుతుంటే అక్కడ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. నన్నడిగితే సంక్రాంతి సెలవులకు వెళ్లమంటాను.

పరిష్కారం డబ్బు అడగదు, పట్టికను తలకిందులు చేయమంటుంది. ముందు దీవులు, చివర ఊరు. సెల్యులార్ జైలు, రాస్ దీవి, చిడియా టాపు అన్నీ శ్రీ విజయపురం చుట్టుపక్కలే ఉన్నాయి. వాటిని మొదటి రెండు రోజుల్లో చూస్తే ఆ రెండు రోజులూ మీకు రక్షణగా పనికిరావు. అవే రోజులను చివరికి జరపండి. దిగిన రోజు ఊళ్లో నిద్రపోయి, మర్నాడు ఉదయమే దీవులకు బయలుదేరండి. నాలుగో రోజుకో, ఐదో రోజుకో తిరిగి ఊళ్లోకి వచ్చేయండి. ఫెర్రీ ఒక రోజు ఆగితే మీరు పోగొట్టుకునేది రాస్ దీవి చూసే అవకాశం మాత్రమే, విమానం కాదు. అన్నే రోజులు, అన్నే గదులు, అదే ఖర్చు. ఇంత చిన్న మార్పు చాలామంది ఏజెంట్లు ఎందుకు చేయరంటే, దిగిన రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంచితే కొనేవారు ఒప్పుకోరని వాళ్ల భయం. మీరే అడిగి మార్పించుకోండి.

ఇంకో మాట. రెండు దీవుల్లో ఏది ముందు అన్నదీ చిన్న విషయం కాదు. అందరూ స్వరాజ్ ద్వీప్ చూసి, షహీద్ ద్వీప్ మీదుగా తిరిగి వస్తారు. శ్రీ విజయపురానికి స్వరాజ్ ద్వీప్ నుంచే ఎక్కువ పడవలు నడుస్తాయి. అందుకే నేను షహీద్ ద్వీప్‌ను ముందు పెడతాను. చివరి అడుగు ఎక్కువ పడవలున్న రేవు నుంచి పడితే, ఒకటి రద్దయినా మరొకటి దొరికే అవకాశం ఉంటుంది.

బయలుదేరే ముందు వారం రోజులు వాన కాదు, గాలి వేగం, అలల ఎత్తు చూడండి. సముద్రం స్థితిని అంచనా వేసి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది, అండమాన్‌కూ అలల హెచ్చరికలు ఇస్తుంది. వాతావరణ శాఖ ప్రకటనలో "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్న వాక్యం అండమాన్ సముద్రం గురించి కనిపిస్తే, అది మీ ఫెర్రీ గురించి కూడా అనుకోండి. ఒక రోజు ముందే దీవి నుంచి బయలుదేరడానికి అప్పుడు వ్యవధి ఉంటుంది.

ఇప్పటికే చిక్కుకుపోయి ఇది చదువుతున్నారా? అయితే ఈ వరుసలో పని చేయండి. ముందు ఆ రాత్రికి గది పొడిగించుకోండి, గంట గడిస్తే మీలాంటి పాతిక కుటుంబాలు అదే గది అడుగుతాయి. తరువాత విమాన సంస్థకు ఫోను చేయండి, విమానం బయలుదేరకముందే. ముందుగా తేదీ మార్చుకుంటే కొంత రుసుముతో పోతుంది. వెళ్లకుండా ఊరుకుంటే టికెట్‌లో చాలా భాగం మునిగిపోతుంది. ఫెర్రీ రద్దయినట్లు వచ్చిన సందేశాన్ని భద్రపరచండి. ఆపైన ఇంట్లో ఒకరు జెట్టీ దగ్గర ప్రభుత్వ ఫెర్రీ కౌంటరు ముందు నిలబడాలి. ప్రైవేటు ఫెర్రీల కన్నా అవి నెమ్మదిగా వెళ్తాయి, కానీ మళ్లీ పడవలు కదిలినప్పుడు వాటిలో చోటు దొరకవచ్చు. ఎవరైనా చిన్న పడవలో దాటిస్తామంటే ఒప్పుకోకండి, ఎంత అవసరమున్నా సరే.

చెన్నై వైపు కూడా ఇదే లెక్క. విమానం దిగిన మూడు గంటలకే ఉన్న రైలు వద్దు, రాత్రి రైలు తీసుకోండి. విమానాశ్రయం నుంచి సెంట్రల్‌కు మెట్రో ఉంది కాబట్టి ట్రాఫిక్ భయం లేదు, భయమంతా విమానం ఆలస్యం గురించే.

సమస్య: జెట్టీకి వెళ్లాం, మా ఫెర్రీ అక్కడ లేదు

రేవు తప్పు. శ్రీ విజయపురంలో ప్రైవేటు ఫెర్రీలు హాడో రేవు నుంచి, దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే నుంచి కదులుతాయి. రాస్ దీవి, నార్త్ బే పడవలు అబర్డీన్ జెట్టీ దగ్గరున్న రాజీవ్ గాంధీ జలక్రీడల సముదాయం నుంచి. ఆటో ఎక్కి "జెట్టీ" అంటే చాలదు. టికెట్ మీద రేవు పేరు రాసి ఉంటుంది, ముందు రాత్రే చదవండి. పిల్లలతో సహా అందరి గుర్తింపు కార్డులూ సంచిలో అడుగున కాదు, చేతిలో ఉండాలి.

సమస్య: సాయంత్రం ఏమీ చూడలేకపోతున్నాం

మన గడియారమే అక్కడా నడుస్తుంది, సూర్యుడు మాత్రం ముందే వెళ్లిపోతాడు. విజయవాడకు దాదాపు పన్నెండు డిగ్రీలు తూర్పున ఉన్న ఊరు కాబట్టి పొద్దు సుమారు 48 నిమిషాలు తేడా. డిసెంబరులో సాయంత్రం ఐదుకే సూర్యాస్తమయం. నాలుగు గంటలకు టీ తాగి స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్‌కు బయలుదేరుదామనుకునేవారు చీకట్లో ఇసుక చూసి వస్తారు. రోజును గంటన్నర ముందుకు జరపండి: ఐదింటికి లేవడం, తొమ్మిదికి నిద్ర.

సమస్య: ఫెర్రీలో అందరికీ వాంతులు

మాత్ర ఆలస్యంగా వేసుకోవడమే కారణం. కడుపులో తిప్పడం మొదలయ్యాక మింగిన మాత్ర నిలవదు. వైద్యుడిని అడిగి తెచ్చుకున్న మాత్రను ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వద్దు, నెయ్యి పోసిన పెసరట్టు ఉప్మాతోనూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చుంటే ఊపు తక్కువ. ఫోను చూడకండి. భవానీ ద్వీపానికి కృష్ణలో లాంచీ మీద వెళ్లినప్పుడు ఏమీ కాలేదు కదా అనే ధీమా ఇక్కడ పనిచేయదు. నది మీద ఇలాంటి ఊపు ఉండదు.

లైఫ్ జాకెట్ గురించి మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తా పడి ఎందరు పోయారో ఈ రెండు ఊళ్లవారికీ గుర్తుండాలి. రాస్ దీవికి వెళ్లే చిన్న పడవల్లోనూ, గాజు అడుగు పడవల్లోనూ జాకెట్ బకిల్స్ బిగించుకున్నాకే పడవ కదలనివ్వండి. పిల్లలకు పిల్లల కొలతదే అడగండి, పెద్దది వదులుగా తగిలిస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది.

మిగతావన్నీ అరుదు. భారతీయులకు ఈ మూడు చోట్లకూ ప్రత్యేక అనుమతి అక్కరలేదు, దాని కోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. నికోబార్ పర్యాటకులకు తెరిచి లేదు, అడగడం దండగ. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకండి, అంతే. బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో జారవా ఆదివాసుల ఫొటో తీయడం నేరం. పగడపు ముక్కలను సంచిలో వేసుకుని విమానాశ్రయానికి వెళ్తే పట్టుకుంటారు. ఫోను సిగ్నల్ 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక బాగుపడింది, చిన్న దీవుల్లో ఇప్పటికీ నమ్మలేం. టికెట్లు కాగితం మీద ముద్రించుకోండి, నగదు ఉంచుకోండి.

స్కూబా చేసేవారికి ఒక లెక్క ఉంది. ఒక్కసారి దిగితే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విరామం ఉండాలి. దీవులను ముందుకు, ఊరిని చివరికి జరిపిన పట్టికలో ఈ గంటలు వాటంతటవే దొరుకుతాయి. పాత అచ్చులోనే వెళ్తున్నవారు స్కూబాను ఐదో రోజు ఉదయానికి జరుపుకోండి.