వానలో క్యాంపర్‌వ్యాన్ లోపల తడి: పైకప్పును అనుమానించే ముందు

న్యూజిలాండ్ దక్షిణ దీవి పడమటి తీరంలో, ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ హిమానీనదాల దగ్గర వాన రాత్రి క్యాంపర్‌వ్యాన్‌లో (పడక, వంట సదుపాయం ఉన్న వ్యాన్) పడుకున్నవారు తెల్లవారి చెప్పే మాట దాదాపు ఒకటే: "పైకప్పు కారుతోంది." నేను లోపలికి వెళ్లి చూసిన వ్యాన్లలో చాలావాటికి పైకప్పు నిక్షేపంగా ఉంది. రాత్రంతా మూసి ఉన్న పైకప్పు కిటికీ మాత్రం అప్పటికీ మూసే ఉంది.

లక్షణం

కిటికీ చట్రాల మీదుగా నీరు జారి పరుపు అంచులు తడిసి ఉంటాయి. పరుపు ఎత్తి చూస్తే కింది పలక మీద బొట్లు కనిపిస్తాయి. డ్రైవరు ముందున్న అద్దం లోపలివైపు నుంచి ధారలు కడుతుంది, అల్మరాలోని బట్టలు చల్లగా, చెమ్మగా తగులుతాయి.

ముందుగా తేల్చుకోవలసినది

పైనుంచి కారే నీరు ఒకచోటునే ఎంచుకుంటుంది. అక్కడ గోధుమరంగు మరక ఉంటుంది, వేలితో నొక్కితే గోడ పలక మెత్తగా దిగుతుంది, వ్యాన్‌ను మరో వైపు వాలుగా నిలిపితే తడి కూడా చోటు మారుస్తుంది. లోపలి ఆవిరి చల్లబడి చేరిన నీరు అలా కాదు. గాజు, లోహం ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా సమానంగా చెమరుస్తుంది, తెల్లవారుజామున ఎక్కువై, బయట వాన ఆగకపోయినా మధ్యాహ్నానికి తగ్గుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే తడి చోటును తుడిచి ఆరబెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రాత్రి వదిలేయండి. బొట్లు మీవైపు చేరితే అది గదిలోని ఆవిరి. ప్లాస్టిక్ వెనుక చేరితే గోడలోంచి వస్తున్న నీరు.

ఈ పరీక్ష చేయకుండానే నేను ఒకసారి ఫ్రాంజ్ జోసెఫ్ ఊరి నుంచి హోకిటికా పట్టణానికి 130 కిలోమీటర్లకు పైగా వానలో వెళ్లి, సందులు పూడ్చే సీలెంటు కొని తెచ్చి, తడి పైకప్పు మీదే పూశాను. తడి మీద అది అంటుకోలేదు. అంటుకుని ఉన్నా ఉపయోగం ఉండేది కాదని మర్నాటి ఉదయం పరుపు చెప్పింది.

అసలు కారణం

టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే తడిగాలి తీరానికి అతి దగ్గరలోనే నిటారుగా లేచిన సదరన్ ఆల్ప్స్‌ను ఢీకొని పైకి లేచి చల్లబడుతుంది కనుక ఇక్కడి వాన గంటలో తేలేది కాదు. 2019 మార్చి 26న వాయిహో నది పొంగి ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గరి హైవే వంతెనే కొట్టుకుపోయింది. ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం వెనక్కి తగ్గినందువల్ల 2012 నుంచి మంచు మీదికి హెలికాప్టరులోనే వెళ్లవలసి వస్తోంది. మబ్బు దిగిన రోజున అది ఎగరదు. అందుచేత అందరూ లోయలోని నడక దారి పట్టి, తడిసిన కోట్లతో తిరిగి వచ్చి, వాటిని మంచం పక్కనే తగిలించి, తలుపులు బిగించి, పొయ్యి వెలిగిస్తారు.

ఇక లెక్క చూడండి. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. నిద్రలో ఇద్దరి ఊపిరి, చర్మం కలిసి రాత్రికి దాదాపు అర లీటరు నీటిని గాలిలోకి వదులుతాయి. అన్నం, చారు లేనిదే పూట గడవని మన ఇళ్లవారు కుక్కరు పెడితే ఆ ఆవిరి అదనం. చిన్న వ్యాన్ లోపలి చోటు పన్నెండు, పదిహేను ఘనమీటర్లకు మించదు. 20 డిగ్రీల దగ్గర అందులోని గాలి మొత్తం మోయగలిగేది పావు లీటరు నీటిని మాత్రమే. మిగిలినది చల్లని అద్దం మీద, పరుపు కింద చేరక తప్పదు.

ఇక్కడే చదువుకున్నవారు కూడా బోల్తా పడతారు. "బయట గాలి నీటితో నిండి ఉంది, కిటికీ తెరిస్తే ఆ తేమ కూడా లోపలికి వస్తుంది కదా" అని వాదిస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ తప్పు. 8 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి వానలో ఎంత నానినా దాదాపు 8 గ్రాముల ఆవిరినే మోస్తుంది. అదే గాలి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడితే 17 గ్రాములు మోయగలదు, అంటే సగం ఖాళీగా వచ్చి మీ చెమ్మను నింపుకొని బయటికి పోతుంది.

పరిష్కారం

పైకప్పు కిటికీని రెండు వేళ్లంత, గాలివాన కొట్టని వైపు కిందికిటికీని మరికొంత తెరిచి, హీటరును తక్కువలో ఉంచండి. రెండూ కలిసి ఉండాలి. వెచ్చదనం లేని గాలికి చెమ్మను మోసే బలం ఉండదు, గాలి మారని వెచ్చదనం తడిని ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తుందంతే. శాండ్‌ఫ్లైలకు భయపడి మూసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అవి పగటి పురుగులు, చీకటి పడ్డాక కుట్టవు, పగలు దోమతెర చాలు.

తడి కోట్లను స్నానాల గదిలో తగిలించి, తలుపు మూసి, అక్కడి గాలి రంధ్రాన్ని తెరిచి ఉంచండి. వంట సేపూ పైకిటికీ పూర్తిగా తెరిచే ఉండాలి. ఉదయం అద్దాలు తుడిచిన గుడ్డను బయటే పిండి, పరుపును నిలబెట్టండి.

చలికి వంట పొయ్యినే వెలిగించి కూర్చోవడం, నేల దగ్గరి గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. తేమ సంగతి అటుంచితే, పొయ్యి మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. వ్యాన్‌లో అమర్చిన హీటరు పొగను బయటికి పంపుతుంది కనుక దానినే వాడాలి.

మిగిలినవి

పరీక్షలో గోడలోంచే నీరు వస్తోందని తేలితే ముందుగా పైకప్పు కిటికీ చుట్టూ ఉన్న రబ్బరును చూడండి. వాన తగ్గేదాకా టేపుతో సరిపెట్టి, పూర్తిగా ఆరాకే సీలెంటు వేయాలి. అద్దె వ్యాన్ అయితే దేనినీ పూయకుండా యజమానులకు ఫోను చేయండి.

నేల మాత్రమే తడిస్తే, కొళాయిలన్నీ కట్టేసినా నీటి పంపు ఉండుండి కొట్టుకుంటోందేమో వినండి. గొట్టం జాయింటు వదులై ఉంటుంది. వ్యాన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కారడం అరుదు, అది వర్క్‌షాపు పని.

తెల్లవారుజామున హీటరు ఆగిపోతే గ్యాసును అనుమానించే ముందు బ్యాటరీ మీటరు చూడండి. హీటరు ఫ్యాను నడిచేది 12 వోల్టుల మీద. రోజంతా మబ్బు పట్టినప్పుడు సోలారు పలక బ్యాటరీని దాదాపు ఏమీ నింపదు, కనుక వాన రెండో రోజుకు సాగితే కరెంటు ఉన్న క్యాంప్‌సైటు తీసుకోండి.