పెరటి కోళ్ల గూడు: రాత్రిపూట గాలి ఆగకూడదు, ముంగిస దూరకూడదు

పెరట్లో పది కోళ్లు పెంచుకునేవారిలో చాలామంది పగలంతా వాటిని బాగానే చూసుకుంటారు. చీకటి పడేసరికి మాత్రం గూడు చుట్టూ పరదా పట్ట బిగించి, తలుపుకు వంచిన మేకు ఒకటి అడ్డం తిప్పి, పని అయిపోయిందనుకుంటారు. గాలి రావలసిన చోటు మూసేసి, పిల్లి రాగల చోటు వదిలేయడమంటే ఇదే. తెల్లారి కోడి చచ్చి కనబడితే తెగులంటారు, అసలు కనబడకపోతే దొంగలంటారు.

గూడు కట్టడం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నేలకు రెండడుగుల ఎత్తున కాళ్ల మీద నిలిపిన చెక్క గూడే మేలు. పగలు బయట తిరిగే కోళ్లు రాత్రి పడుకోవడానికి ఒక్కొక్కదానికి రెండు చదరపు అడుగుల చోటు చాలు. తలుపు తూర్పు వైపే ఉండాలి. లోపల రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి, తడిసిన చోట ఎప్పటికప్పుడు ఎత్తి మార్చాలి. పైకప్పు రేకుదైతే దాని మీద తాటాకు పరచనిదే వేసవి గట్టెక్కదు.

కోళ్లు వాలే అడ్డకర్ర రెండంగుళాల వెడల్పుతో, అంచులు నునుపు చేసిన చెక్కదై ఉండాలి. ప్లాస్టిక్ పైపు మీద కాలు నిలవదు కనుక దాని జోలికి పోవద్దు. ఒక్కో కోడికి తొమ్మిది అంగుళాల జాగా లెక్కవేసుకోవాలి. నాటుకోడి ఎంత ఎత్తయినా ఎక్కుతుంది కానీ, వనరాజా వంటి బరువైన రకానికి రెండడుగులు దాటితే దూకినప్పుడు కాళ్లు దెబ్బతింటాయి. ఎంత ఎత్తున పెట్టినా కర్ర గుడ్ల పెట్టె కంటే పైనే ఉండాలి, లేకపోతే కోళ్లు ఆ పెట్టెలోనే పడుకుని తెల్లారేసరికి దాన్ని రెట్టలతో నింపుతాయి.

అసలు చిక్కంతా గాలి దగ్గర ఉంది. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. అది రాత్రంతా ఊపిరితో తేమను వదులుతూనే ఉంటుంది, రెట్ట వేస్తూనే ఉంటుంది. ఆ తడి రెట్ట నుంచి లేచే అమోనియా ఘాటు బయటికి పోయే దారి లేకపోతే కోడి కళ్లు నీరు కారుతాయి, గొంతులో గురక మొదలవుతుంది. యజమాని దాన్ని చలికి పట్టిన జలుబు అనుకుని, ఇంకో గొనె సంచి తెచ్చి ఉన్న కాస్త సందు కూడా మూస్తాడు. ఈకలు నిండుగా ఉన్న పెద్ద కోడిని అరకు చలి కూడా ఏమీ చేయలేదు. దాన్ని జబ్బు పడేసేది గూట్లో నిలిచిపోయిన తడిగాలి. వెచ్చదనం కావలసింది కోడిపిల్లలకు, అవి నాలుగు వారాల వరకు తల్లి రెక్క కిందో బల్బు కిందో ఉండాలి.

కనుక గాలికి వదిలే సందు ఎక్కడ ఉండాలో జాగ్రత్తగా చూసుకోవాలి. కర్ర మీద కూర్చున్న కోడి తలకు పైన, కప్పు చూరు కింద, ఎదురెదురుగా రెండు వైపులా జానెడు వెడల్పున గోడ పొడుగునా సందు వదలాలి. వేడిగాలి, తేమ, ఘాటు అన్నీ పైనుంచి పోతాయి, పడుకున్న కోడికి మాత్రం ఈదురుగాలి నేరుగా తగలదు. చూరు అడుగున్నర ముందుకు ఉంటే జల్లు లోపల పడదు. చలికాలంలో కింది భాగం ఎంత మూసినా పై సందును ముట్టుకోకూడదు. వేసవిలో కింది వైపు కూడా తెరవాలి, ఎందుకంటే చెమట పట్టని కోడి నోరు తెరిచి ఎగశ్వాసతోనే ఒంటి వేడి తగ్గించుకోవాలి. తుపాను రోజున గాలి కొట్టే వైపు మాత్రమే పట్ట దించి, రెండో వైపు తెరిచి ఉంచాలి. సందు చాలిందో లేదో తేల్చుకోవడానికి తెల్లవారుజామున తలుపు తీసి తల లోపల పెట్టి చూడండి: ముక్కు మండినా, కప్పు లోపలి వైపు నీటి బొట్లు వేలాడుతున్నా చాలలేదనే అర్థం.

గాలికి వదిలిన సందే ముంగిసకూ, పునుగుపిల్లికీ, పాముకూ దారి కాగలదు. ఇక్కడే అందరూ చౌకగా దొరికే ఆరుపలకల కన్నాల చికెన్ మెష్ కొట్టించి మోసపోతారు. ఆ వల కోడి బయటికి పోకుండా ఆపుతుందే తప్ప, కుక్క పళ్లకు ఆగదు. దాని కన్నాల్లోంచి పిల్లి పంజా దూర్చి నిద్రపోతున్న కోడిని వలకేసి లాగుతుంది. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు తీగలను అతికించిన గట్టి ఇనుప వల, మాత్రమే వాడాలి. దాన్ని బయటి వైపు నుంచి బిగించి, అంచుల మీద చెక్క పట్టీ వేసి స్క్రూలతో పట్టించాలి. వంపు మేకులు కుక్క లాగితే ఊడి వస్తాయి. గూటి అడుగు బద్దలతో చేసినదైతే కింద కూడా ఇదే మెష్ వేయాలి. గూడు నేల మీదే ఉంటే మెష్‌ను గోడ మొదలు నుంచి బయటికి అడుగున్నర మేర నేల మీద పరిచి మట్టి కప్పాలి, తవ్వబోయిన పందికొక్కు గోళ్లు దానికే తగులుతాయి. గంప కింద కమ్మి పైన రాయి పెడితే చాలదా అని అడిగేవారుంటారు. ఇంట్లో మూల అయితే పిల్లల కోడికి చాలుతుంది, ఆరుబయట మాత్రం రెండు కుక్కలు కలిస్తే గంప దొర్లుతుంది.

సాయంత్రం పని కొద్దిసేపే. పొద్దు వాలకముందే గుడ్లన్నీ తీయాలి, మేత గిన్నె, నీళ్ల గిన్నె బయట పెట్టాలి. గింజలకు ఎలుకలు వస్తే, ఎలుకల వెంట పాము వస్తుంది. మసక చీకటికి కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి, కర్ర పట్టుకుని తరమడం తెలివితక్కువ పని. కొత్తగా తెచ్చినవాటిని మాత్రం నాలుగైదు రోజులు గూట్లోనే ఉంచి అలవాటు చేయాలి. చెట్టెక్కినదాన్ని పూర్తిగా చీకటి పడ్డాక రెక్కలు కలిపి పట్టి దించండి, చీకట్లో దానికి చూపు ఆనదు కనుక పెనుగులాడదు. లెక్కపెట్టి, గొళ్లెం వేసి, గొళ్లెంలో పుల్లో తాళమో దూర్చాలి.

నెలకొకసారి రాత్రి టార్చి వేసి కర్ర చివరలు, చెక్క అతుకులు చూడాలి. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం పీల్చే గోమార్లు, సన్నటి ఎర్రనల్లులు అప్పుడే బయటికి వస్తాయి. కర్ర అడుగున తెల్లకాగితం రుద్దితే ఎర్రటి చార పడిందంటే మర్నాడే కోళ్లను బయట కట్టి, మరుగుతున్న నీళ్లు పోసి గూడు కడిగి, ఎండబెట్టి, పగుళ్లన్నిటికీ సున్నం పట్టించాలి. మందు కొట్టడం పశువైద్యుడిని అడిగాకే.