సాయిల్ హెల్త్ కార్డు పక్కన పెట్టుకుని మూలకాల పట్టిక

118 మూలకాల పేర్లు పిల్లల చేత వరసగా బట్టీ కొట్టించడం దండగ. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వరి పండించే ఇళ్ళల్లో వెతికితే పట్టాదారు పాసుపుస్తకం మధ్యలో సాయిల్ హెల్త్ కార్డు, అంటే పొలం మట్టి పరీక్ష ఫలితాల కార్డు, దొరుకుతుంది. దాన్నీ ఆవర్తన పట్టికనీ పక్కపక్కన పరవండి.

కార్డులో 12 వరసలుంటాయి. పీహెచ్, ఈసీ, ఓసీ అన్న మూడింటినీ ముందే పెన్సిల్‌తో కొట్టేయండి, అవి మూలకాలు కావు. మట్టి ఆమ్లమో క్షారమో మొదటిది చెబుతుంది, లవణాలు ఏపాటి ఉన్నాయో రెండోది, సేంద్రియ కర్బనం ఎంతో మూడోది. మిగిలినవి నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఒక్కొక్కదాన్నీ పట్టికలో వెతికించి వేలు పెట్టించండి.

తడబాటంతా 'పి' దగ్గరే. పొటాష్ కదా అని పొటాషియం అనేస్తారు. పి ఫాస్ఫరస్‌ది, అంటే భాస్వరం. పొటాషియం గుర్తు కె, లాటిన్ పేరు కాలియం నుంచి వచ్చింది. ఇంగ్లీషు పేరుతో పొసగని గుర్తులు ఇలాంటివి మొత్తం 11. ఇనుము (ఫెర్రం), రాగి (కుప్రం) కార్డులోనే కనిపిస్తాయి. ఇస్కపల్లి ఉప్పులో ఉండే సోడియానికి ఎన్ఏ, అది నేట్రియం. టంగ్‌స్టన్ డబ్ల్యూ మాత్రం జర్మన్ పేరు వోల్‌ఫ్రామ్‌ది.

గుర్తులో మొదటి అక్షరం ఎప్పుడూ పెద్దది, రెండోది ఉంటే చిన్నది. పెద్ద సి, చిన్న ఓ రాస్తే కోబాల్ట్. రెండూ పెద్దవి రాస్తే కార్బన్ మోనాక్సైడ్, మూలకం కాస్తా విషవాయువు! ఎం పక్కన చిన్న ఎన్ మాంగనీసు, చిన్న జి మెగ్నీషియం. కనిగిరి వైపు బోరు నీళ్ళ రిపోర్టు చదివేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. ఒట్టి ఎఫ్ ఫ్లోరిన్, పక్కన చిన్న ఇ ఉంటే ఇనుము. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, కాబట్టి ఏ వరస చూస్తున్నామో తెలియాలి.

ఇక గడిలోని అంకెలు. భాస్వరం గడిలో 15 పరమాణు సంఖ్య, అంటే 15 ప్రోటాన్లు. 30.97 పరమాణు భారం, లెక్కలకు 31 చాలు. ఎలక్ట్రాన్లు 2, 8, 5గా సర్దుకుంటాయి. మూడు కక్ష్యలు కాబట్టి మూడో పీరియడ్. చివర 5 ఉన్నాయి కాబట్టి 15వ గ్రూపు (13 నుంచి 18 దాకా గ్రూపు సంఖ్యలో 10 తీసేస్తే చివరి కక్ష్య లెక్క వస్తుంది, హీలియం ఒక్కటి మినహా).

ఈ భారంతోనే డీఏపీ బస్తా చదవచ్చు. 18-46-0 అంటే వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. ఇందులో 46 అచ్చంగా భాస్వరం కాదు, రెండు భాస్వరాలు, అయిదు ఆక్సిజన్లు కలిసిన ఆక్సైడ్. భాస్వరం 31 రెండుసార్లు 62, ఆక్సిజన్ భారం 16 అయిదుసార్లు 80, కలిపి 142. 62ని 142తో భాగిస్తే 0.437. 50 కిలోల బస్తాలో ఆక్సైడ్ 23 కిలోలు, అందులో భాస్వరం 10 కిలోలే.

పొటాష్ బస్తా మీది 60 శాతం కూడా ఆక్సైడ్ లెక్కే: రెండు పొటాషియాలు, ఒక ఆక్సిజన్. పొటాషియం భారం 39. బస్తాలో అసలు పొటాషియం ఎంత శాతమో, ఆ లెక్క పిల్లలకే వదిలేయండి. జవాబు 50 శాతం దగ్గర రావాలి. 42.5 వచ్చిందంటే కె పక్కన ఉన్న 2ని మరిచిపోయారు.