సుదీర్ఘ ట్రయథ్లాన్‌కు ముందే మీ చెమట లెక్క తెలుసుకోండి

గోవాలోని మిరామార్ తీరాన 1.9 కిలోమీటర్ల ఈతతో మొదలై, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 21.1 కిలోమీటర్ల పరుగుతో ముగించవలసిన ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ వంటి పోటీకి సిద్ధమవుతున్నవారు, శిక్షణలో ఒక గంట కేటాయించి తమ చెమట లెక్క, అంటే గంటకు ఎంత చెమట పోతుందో, తెలుసుకోవాలని నా మనవి.

మూత్ర విసర్జన చేసి, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకుని, పోటీలో తొక్కబోయే వేగంతోనే గంటసేపు సైకిల్ తొక్కి, ఒళ్లు పొడిగా తుడుచుకుని మళ్లీ బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోను దాదాపు ఒక లీటరు చెమటగా భావించి, దారిలో తాగిన నీటిని దానికి కలపాలి. 800 గ్రాములు తగ్గి, అర లీటరు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.3 లీటర్లన్నమాట.

అయితే పోయినదంతా తిరిగి తాగాలని చూడకండి. కడుపు అంత ఇముడ్చుకోలేదు. నా మొదటి పోటీలో ఈ లెక్క లేకుండా తాగడం వల్ల కడుపు ఉబ్బి, పరుగులో చాలా దూరం నడవవలసి వచ్చింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, చెమటను మించి నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడి వాంతులు, అయోమయం కలుగుతాయి, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. తాగే ద్రవంలో ఉప్పు ఉండాలి గాని, ఉప్పు కలిపినంత మాత్రాన ఎంతైనా తాగవచ్చని కాదు.

డిసెంబరు చలిలో హైదరాబాద్‌లో కొలిచిన లెక్క సముద్రతీరపు ఉక్కపోతకు సరిపోదు కాబట్టి, వీలైతే విశాఖ వంటి చోట మరొకసారి కొలుచుకోండి.