ఫోర్క్ ప్రోగ్రాములు రాసేముందు ఇంటి లినక్స్‌కు ఒక కళ్ళెం

ఇంట్లో ఎవరికైనా ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ మొదలవుతోందంటే ముందు ఈ పని చూసుకోండి. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రాము (ప్రాసెస్) తన నకలు ఒకటి పుట్టించడం. ఆ నకళ్ళూ మళ్ళీ పుట్టిస్తాయి కాబట్టి, లూప్‌లో ఫోర్క్ పదిసార్లు తిరిగితే 1,024 ప్రాసెస్‌లవుతాయి. ఇరవైసార్లు తిరిగితే పది లక్షలు దాటతాయి. మా తమ్ముడు ఆగే షరతు తప్పు రాశాడు. మౌస్ కూడా కదల్లేదు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టాల్సి వచ్చింది. పక్క విండోలో సేవ్ చేయని రికార్డు కూడా దాంతోపాటే పోయింది.

లినక్స్‌లో ప్రాసెస్‌ల సంఖ్యకు పరిమితి అసలు లేదని కాదు. 8 జీబీ ర్యామ్ ఉంటే మామూలుగా ఒక్కో యూజర్‌కు ముప్ఫై వేల దాకా వదులుతుంది. మెషీన్ చతికిలబడటానికి అంత అక్కర్లేదు.

అలాగని భయపడి 200 పెట్టేయకండి. ఈ లెక్కలో ప్రాసెస్‌లే కాదు, ఒక్కో ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనులు, అంటే థ్రెడ్లూ వస్తాయి. బ్రౌజర్ ఒక్కటే వందల్లో తింటుంది. పరిమితి మరీ తక్కువైతే కొత్త ట్యాబ్ తెరుచుకోదు, ఒక్కోసారి డెస్క్‌టాప్‌లోకి లాగిన్ కూడా కాదు. రోజూ వాడేవన్నీ తెరిచిపెట్టి, పీఎస్ కమాండ్‌తో మీ పేరు మీదున్న థ్రెడ్లు ఎన్నో చూడండి. 800 వస్తే 3,000 పెట్టుకోవచ్చు.

నేనైతే ల్యాబ్ కోసం వేరే యూజర్ అకౌంట్ తెరుస్తాను. పరిమితి యూజర్‌వారీగా లెక్క కాబట్టి, బ్రౌజర్ లేని ఆ అకౌంట్‌కు 300 చాలు. ఈటీసీలోని సెక్యూరిటీ డైరెక్టరీలో లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలు ఉంటుంది. అందులో ఒకే వరుసలో యూజర్ పేరు, హార్డ్, ఎన్‌ప్రోక్ (ప్రాసెస్‌ల సంఖ్య), 300 అని రాయాలి. హార్డ్ అంటే ఆ యూజర్ పెంచుకోలేని గరిష్ఠ హద్దు, సాఫ్ట్ అంటే ప్రస్తుతం అమల్లో ఉండే హద్దు. సాఫ్ట్ ఒక్కటే రాస్తే లాభం లేదు, దాన్ని హార్డ్ దాకా ఆ యూజరే పెంచుకోగలడు. తర్వాత లాగౌట్ అయి మళ్ళీ రావాలి. యూలిమిట్‌కు మైనస్ యు జతచేసి కొడితే మీరు పెట్టిన అంకె కనిపించాలి.

ఈ కళ్ళెం రూట్‌కు, అంటే అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ యూజర్‌కు పట్టదు. కాబట్టి ఆ ప్రోగ్రామును సుడోతో, అంటే రూట్ అధికారంతో మాత్రం నడపకండి. ర్యామ్ మింగేసే ప్రోగ్రామును కూడా ఇది ఆపదు, అది వేరే గొడవ.

రన్ కొట్టేముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే టెక్స్ట్ తెరలో రూట్‌గా లాగిన్ అయి ఉంచండి. పరిస్థితి చెయ్యి దాటితే ఒక్కొక్కటిగా చంపుతూ కూర్చోవద్దు, చచ్చినదాని చోటును మిగిలినవి నింపేస్తాయి. పీకిల్ కమాండ్‌తో ముందు ఆ యూజర్ ప్రాసెస్‌లన్నిటికీ స్టాప్ సిగ్నల్ (ఉన్నచోటే ఆగమనే సంకేతం) పంపండి, అన్నీ బిగుసుకున్నాక కిల్ పంపండి.