బయటికి తిరిగే మెల్లకన్ను: పెద్దవారు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో చూసుకోవలసినవి

ఎనుమాముల మార్కెట్లో మిట్టమధ్యాహ్నం మిర్చి రాశుల దగ్గర నిలబడినప్పుడు ఒక కన్ను దానంతట అదే మూసుకుపోతుంటే, చాలామంది ఎండ పడదని సరిపెట్టుకుంటారు. నల్లగుడ్డు చెవి వైపుకు జరిగే మెల్లకన్నుకు అది గుర్తు కావచ్చు. ఈ మెల్ల చాలామందిలో రోజంతా ఉండదు. అలసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, దూరంగా ఉన్నదాన్ని పరధ్యానంగా చూస్తున్నప్పుడు బయటపడి, మళ్లీ సర్దుకుంటుంది. డాక్టరు చూసే కాసేపట్లో కన్ను తిన్నగానే ఉండిపోవచ్చు కాబట్టి, మీరు ముందుగా గమనించుకొని వెళ్లడం ఎంతో మేలు.

కళ్లద్దాలుంటే పెట్టుకొని, ఎదురుగోడ మీది క్యాలెండరులో ఒక తేదీని చూస్తూ కూర్చోండి. ఇంట్లోవారు ఒకరు చూపుకు అడ్డం రాకుండా పక్కగా కూర్చొని, మీ కుడికంటిని అరచేత్తో మూసి, అదే క్షణంలో ఎడమకన్ను కదులుతుందేమో చూడాలి. అది బయటినుంచి ముక్కు వైపుకు జరిగితే, అప్పటిదాకా బయటికి తిరిగి ఉందన్నమాట. చేయి తీసి, కాస్త ఆగి, రెండో కంటికీ ఇలాగే చేయాలి. మూసిన కన్ను చేయి తీయగానే లోపలికి జరిగితే అది దాగి ఉన్న మెల్ల. కొద్దిపాటిది ఎందరికో ఉంటుంది, ఇబ్బంది పెట్టకపోతే వైద్యం అక్కరలేదు. చూపు బాగా తగ్గిన కన్ను కదలకపోవచ్చు గనుక ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకండి. పొద్దున ఒకసారి, పని ముగించి వచ్చాక ఒకసారి చేసి, ఫోనులో వీడియో తీసిపెట్టుకోండి. పాత హాల్‌టికెట్, పెళ్లి ఆల్బమ్ వెతికితే మెల్ల ఎప్పటినుంచి ఉందో తెలుస్తుంది.

అది తెలియడం ఎందుకంటే, చిన్ననాడే మెల్ల వచ్చినవారి మెదడు తిరిగిన కంటికి కనిపించే దృశ్యాన్ని పట్టించుకోకుండా ఉండడం నేర్చుకుంటుంది. పెద్దయ్యాక కొత్తగా వస్తే సాధారణంగా వస్తువులు రెండుగా కనిపిస్తాయి. హఠాత్తుగా రెండుగా కనిపిస్తూ, రెప్ప వాలి, కంటిపాప పెద్దదై, తీవ్రమైన తలనొప్పి ఉంటే మెదడు రక్తనాళంలోని ఉబ్బు కంటిని కదిలించే నరాన్ని నొక్కుతుండవచ్చు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. షుగరు, బీపీ వల్ల కూడా ఈ నరం దెబ్బతింటుంది.

మిగతావారు వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లి మెల్ల గురించే ప్రత్యేకంగా అడగవచ్చు. దగ్గరివాటిని చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కు వైపుకు సరిగా తిరగనివారికి వ్యాయామాలు, కొందరికి ప్రిజం అద్దాలు (వెలుతురును పక్కకు మళ్లించే అద్దాలు) సరిపోతాయి. ఆపరేషన్‌లో కంటి బయటి కండరాన్ని వెనక్కి జరిపి కుడతారు, లేదా లోపలి కండరాన్ని కురచ చేస్తారు. మెల్ల అదృష్టమనీ, వయసు దాటాక ఆపరేషన్ పనికిరాదనీ మన ఇళ్లలో చెప్పే మాటలు నమ్మి ఏళ్లు పోగొట్టుకున్నవారిని చూస్తే బాధేస్తుంది. నలభై దాటినా, అరవై దాటినా చేయించుకోవచ్చు. చిన్ననాడే మందగించిన చూపు మాత్రం దానితో తిరిగి రాదు, కొందరికి రెండోసారి కూడా చేయవలసి వస్తుంది. ఒప్పుకునే ముందు, కన్ను తిన్నగా అయ్యాక రెండుగా కనిపిస్తుందేమో ప్రిజం పెట్టి చూపించమని డాక్టరును అడగండి.